మన పాత జీపులూ మెటడార్లూ: పనిచేసే బండి ‘వింటేజ్’ కాదంట

వాన సంగతి, శనక్కాయ ధర సంగతి రోజూ మాట్లాడుకునేదే. ఈసారి బండ్ల సంగతి రాస్తా. పోస్టు పొడుగు. సాయంత్రం పశువులకు మేత వేసొచ్చి తీరిగ్గా కూచొని చదవండి.

కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో పాత బండ్ల మీద ఒక నిబంధన తెచ్చింది. బండి మొదట రిజిస్టర్ అయి 50 ఏళ్లు దాటి, పుట్టినప్పుడు ఎట్లుండెనో అట్లనే ఉంటే, దాన్ని ‘వింటేజ్’ బండిగా రాయించుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా రాయించడానికి 20 వేలు ఫీజు. పదేళ్లకు చెల్లుతుంది. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అని ప్రత్యేక అక్షరాలు వస్తాయి. ఇంతవరకు బాగానే ఉండాది. దాని కింద ఇంకో మాట ఉంది చూడండి. వింటేజ్‌గా రాయించిన బండిని రోజువారీ పనికి, బాడుగకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, పాతకార్ల ర్యాలీకో తీసుకుపోవచ్చు. పెట్రోలు పట్టించను, రిపేరు చేయించను బయటికి తీయచ్చు. అంతే.

అంటే పనిచేయకుండా షెడ్డులో మెరుస్తా ఉండేదే వింటేజ్. మన మడకశిర పక్క పల్లెల్లో పాత జీపు ఎవరింట్లో ఉన్నా అది షోకు కోసం ఉండేది కాదు. దిబ్బెరువు తోలను, బోరు మోటరు పైకి తీయను, హిందూపురం మార్కెట్టుకు మూటలు వేసుకు పోను ఉండాది. ఇంజన్ రెండుసార్లన్నా మారింటుంది. బాడీ వెల్డింగు మీద వెల్డింగు పడింటుంది. ఆ లెక్కన అమరాపురం నుంచి రొళ్ల దాకా, గుడిబండ నుంచి అగళి దాకా వెతికినా ‘వింటేజ్’కు సరిపోయే బండి దొరకడం కష్టం. ముసలి బండ్లు మాత్రం ఉన్నాయి. అవి ఇక్కడికి ఎట్లొచ్చినాయి, ఇన్నేళ్లు ఎట్ల బతికినాయి, ఇకమీద ఎందుకు బతకడం కష్టం, అదీ ఈ పోస్టు సంగతి.

మొదలు జీపు. రెండో ప్రపంచ యుద్ధానికి అమెరికా సైన్యం చిన్నబండి కావాలంటే పుట్టింది. 1941 నుంచి 1945 లోపల విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా చేసినాయి. మనం ఇప్పటికీ విత్తనానికి వెతుక్కునే టీఎంవీ-2 శనక్కాయ తిండివనంలో విడుదలైంది 1940 లో. రెండూ ఇంచుమించు ఒక ఈడువి అన్నమాట. వాటికన్నా మంచివి వచ్చినాయి అని ఎంతమంది చెప్పినా, వానకు తట్టుకుంటాయి, పెట్టుబడి తక్కువ అని రైతు వదల్లేదు. రెండింటికీ ఒకే కారణం.

ఆ జీపు బరువు పదకొండు క్వింటాళ్ల లోపల. మోసే బరువు పావు టన్ను అని సైన్యం లెక్క. మన వాళ్లు దాని మీద ఎంత వేసినారో చెప్తే ఆ అమెరికా ఇంజనీర్లు తలపట్టుకుంటారు. నాలుగు చక్రాలకూ పట్టు ఉండేది, లో గేరు వేరేగా ఉండేది. ఈ రెండే దాన్ని సైన్యం నుంచి సేద్యానికి తెచ్చినాయి.

యుద్ధం ఇంకా పూర్తిగా ముగియక ముందే విల్లీస్ కంపెనీ రైతు మీద కన్నేసింది. 1945 లోనే సీజే-2ఏ అని సైన్యానికి కాని జీపు తెచ్చింది. సీజే అంటే సివిలియన్ జీపు. వెనక తలుపు తెరుచుకునేది, నాగలి తగిలించే కడ్డీ, ట్రాక్టరుకు ఉన్నట్టు ఇంజన్ బలం బయటికి తీసుకునే పీటీవో. పగలు దున్నచ్చు, రాత్రి ఊరికి పోవచ్చు అని అమెరికా రైతులకు చెప్పి అమ్మినారు. ఇంగ్లాండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో యుద్ధకాలం జీపు ఒకటి వాడుకుంటా ఉండె. ఇది పాడైతే దీని బదులు ఏది కొనాలి అన్న ఆలోచన నుంచే 1948 లో లాండ్ రోవర్ వచ్చింది. ఈరోజు కోట్లు పోసి కొనే బండికి మూలం ఒక సేద్యగాడి అవసరం. పికప్ బండి పుట్టుక కూడా ఇంతే. అమెరికాలో రైతులు ఫోర్డ్ మోడల్-టీ కారు వెనక భాగం కోసి చెక్క పెట్టె బిగించుకుంటా ఉంటే, కంపెనీ అది చూసి 1925 లో తానే వెనక పెట్టె పెట్టి 281 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. బండి కోసి తన పనికి తగ్గట్టు మార్చుకునే బుద్ధి మన ఒక్కరిదే అనుకోవద్దండి, రైతు యాడున్నా అంతే.

ఇక మన దేశానికి వస్తే. యుద్ధం ముగిసినాక ఇక్కడ మిగిలిపోయిన సైన్యం బండ్లు డిస్పోజల్ కింద వేలంలో అమ్మినారు. మిలిటరీ డిస్పోజల్ అనే మాట మన పెద్దోళ్ల నోట ఇప్పటికీ వింటాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల భాగాలు దిగుమతి చేసుకొని ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టినారు. అంతకుముందు ఆ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. భాగస్వామి పాకిస్తాన్ పోయినాక 1948 లో మహీంద్రా అండ్ మహీంద్రా అయ్యింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాల. స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణం అని చరిత్రలో రాసింది దేని గురించో తెలుసునా? సెకండ్ హ్యాండ్ జీపుల గురించే. 1948 లో కాశ్మీరు యుద్ధం సమయంలో లండన్‌లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణ మీనన్, పద్ధతి పాటించకుండా ఒక కంపెనీతో జీపులకు ఒప్పందం చేసుకున్నాడని గొడవ. వచ్చినవి 155 జీపులు, అవీ పనికిరానివని పార్లమెంటులో ఏళ్ల తరబడి నడిచి, 1955 లో కేసు మూసేసినారు. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసే మన రైతును పంపించి ఉంటే బాగుండేది.

మహీంద్రా మొదట్లో బిగించింది యుద్ధకాలం రూపం జీపులు. తర్వాత ఎక్కువ కాలం చేసింది సీజే-3బి. బానెట్ ఎత్తుగా ఉండేది అదే. అమెరికాలో 1953 లో కొత్తగా హరికేన్ అనే ఇంజన్ పెట్టినారు. అది పాతదానికన్నా ఎత్తు. దాన్ని కప్పను బానెట్ పైకి లేపినారు. అమెరికాలో అది 1968 లో ఆగిపోయింది. మన దేశంలో ఆ ఎత్తు ముఖం చాలా ఏళ్లు ఇంకా కొత్తగా వస్తానే ఉండె. మీ ఊర్లో పాత జీపు కనిపిస్తే బానెట్ చూడండి. చదునుగా, కిందికి ఉంటే యుద్ధకాలం తరహా. ఎత్తుగా, డబ్బా మాదిరి ఉంటే బొంబాయి జీపు. బెంగళూరు నుంచి వచ్చే పాతబండ్ల షోకుదార్లు మొదట చూసేది ఇదే. కింది బానెట్ కనపడితే వాళ్ల కండ్లు మెరుస్తాయి, బేరం అప్పుడే పెంచుకోండి.

సరే, ఇది పల్లెకు ఎట్లొచ్చింది? కొత్త జీపు కొన్న రైతు ఈ కరువు సీమలో వందకు ఒకడు కూడా లేడు. జీపు వచ్చింది సర్కారు దారిన. 1952 అక్టోబరు 2 న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం పెట్టినారు. ఊర్లన్నీ కలిపి బ్లాకులు, బ్లాకుకు ఒక బీడీవో, బీడీవోకు ఒక జీపు. 1959 లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చినాయి. సమితి జీపు అంటే ఆ రోజుల్లో ఊర్లో పిల్లోళ్లంతా వెనకబడి పరిగెత్తేవాళ్లు. పోలీసు జీపు, తాలూకా ఆఫీసు జీపు, ఇరిగేషన్ జీపు, మలేరియా మందు కొట్టేవాళ్ల జీపు, ఆసుపత్రికి యునిసెఫ్ ఇచ్చిన జీపు. తారురోడ్డు లేని ఊరికి మోటారు బండి అంటే ఇవే.

సర్కారు బండి ఎప్పుడూ సర్కారు దగ్గరే ముసలిదై చావదు. పదేళ్లో పదిహేనేళ్లో తిప్పి, కండెమ్ అని రాసి, వేలం పెట్టేవాళ్లు. 1986 లో సమితులు పోయి మండలాలు వచ్చినాక పాత సమితి బండ్లకూ అదే గతి. వేలంలో కొనేది మెకానిక్కు, లేకుంటే గుజరీ వ్యాపారి. వాళ్ల దగ్గర నుంచి రైతు. యుద్ధం చేసిన బండి, ఆఫీసర్ను మోసిన బండి, ఆఖర్న శనక్కాయ మూటలు మోసింది. దాని జీవితంలో ఎక్కువ ఏళ్లు గడిచింది మన దగ్గరే. మొదటి రెండు అంకాల గురించి పుస్తకాలున్నాయి. మూడో అంకం ఎవరూ రాయలేదు.

రైతు చేతికి అంత అగ్గువగా ఎందుకొచ్చింది అనేదానికి ఇంకో కారణం ఉంది. 1973 లో అరబ్బు దేశాలు చమురు బిగించినాక ప్రపంచంలో ధర నాలుగింతలైంది. పాత జీపులన్నీ పెట్రోలువి. రెండు లీటర్లు దాటిన ఇంజన్, తాగేది మేక కాదు ఏనుగు. పెట్రోలు జీపు ఉంచుకునేవాడికి భారమై, కొనేవాడికి చౌకైంది. మన మేస్త్రీలు అప్పుడు పట్టుకున్నదే డీజిల్ మార్పిడి. పెట్రోలు ఇంజన్ దించేసి, యాడ దొరికితే ఆడ నుంచి డీజిల్ ఇంజన్ తెచ్చి కూర్చోబెట్టేది. గేరుబాక్సుకు సరిపోకపోతే మధ్యలో ఒక ఇనుప పలక లేతులో తిప్పించి బిగించేది. ఛాసిస్ మీద మౌంటింగులు కోసి మళ్లీ వెల్డింగు. డ్రాయింగు లేదు, ఇంజనీరు లేడు. నూలుదారం, సుద్దముక్క, కంటి అంచనా. నా మట్టుకు, మన సీమలో ఇంజనీరింగ్ అని చెప్పుకోదగ్గ పని చూడాలంటే కాలేజీకన్నా ముందు హిందూపురంలో, పావగడలో ఆ చిన్న లేత్ షాపులకే పోవాల.

కంపెనీ కూడా అదే దారి పట్టింది. 1979 లో మహీంద్రా ఫ్రాన్సు కంపెనీ ప్యూజోతో ఒప్పందం చేసుకొని డీజిల్ ఇంజన్ చేయడం మొదలుపెట్టింది. 2112 సీసీ, ‘ప్యూజో ఇంజన్’ అని మనోళ్లు ఇప్పటికీ పిలిచేది అదే. దాంతోపాటు ఇంటర్నేషనల్ ట్రాక్టర్ ఇంజన్ వంశంలో పుట్టిన డీఐ ఇంజన్లు కూడా జీపుల్లోకి వచ్చినాయి. ఇది మనకు ఎంత మేలు చేసిందో ఆలోచించండి. మహీంద్రా 1963 నుంచి ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు చేస్తా ఉండె. జీపు ఇంజన్ ట్రాక్టరు ఇంజనుకు చుట్టమైంది కాబట్టి, ట్రాక్టరు మేస్త్రీయే జీపు మేస్త్రీ. జీపు కోసం వేరే స్పేరు పార్ట్ల అంగడి అక్కర్లేదు. ప్యూజో బాగా సన్నగా, నున్నగా నడిచేది, రోడ్డు మీద బాగుండేది. డీఐ గడగడమని ఇల్లంతా అదరగొడతాది. కానీ బరువు లాగేటప్పుడు డీఐ డీఐనే. ఈ మాటకు ప్యూజో ప్రేమికులు నాతో పోట్లాడతారని తెలుసు, పోట్లాడండి.

ఇప్పుడు దాని పని గురించి రాస్తా. ముఖ్యంగా బోరు మోటరు.

మన దగ్గర వాన సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అది కూడా పడినప్పుడు పడినట్టు. బావులు ఎండినాక బోర్లు వచ్చినాయి, తిరుచెంగోడు రిగ్గులొచ్చి 200 అడుగులు అన్నది 500, 500 అన్నది 1000 చేసినాయి. మోటరు ఎంత లోతున ఉంటే దాన్ని పైకి తీయడం అంత కష్టం. లెక్క వేద్దాం. రెండించుల జీఐ పైపు మీటరుకు దాదాపు 5 కిలోలు. 500 అడుగులంటే 152 మీటర్లు. పైపులే 760 కిలోలు. వాల్వు బాగుండి పైపులో నీళ్లు నిలబడి ఉంటే మీటరుకు రెండు లీటర్ల పైన, అంటే ఇంకో 330 కిలోలు. మోటరు, పంపు, కేబులు కలిపితే మొత్తం పదకొండు పన్నెండు క్వింటాళ్లు. దీన్ని బావి చుట్టూ మనుషులు నిలబడి చైను పుల్లీతో ఒక్కొక్క పైపూ పీకాలంటే పొద్దు కుంకుతాది, ప్రాణాలకూ భద్రం లేదు.

అందుకని మనోళ్లు జీపును పెట్టినారు. మూడుకాళ్ల స్టాండు బోరు మీద నిలబెట్టి, పైన కప్పీ, దాని మీదుగా ఉక్కు తాడు, తాడు కొన జీపు కొక్కేనికి. ఫోర్ వీల్, లో గేరు వేసి జీపు మెల్లగా ముందుకు పోతే పైపు పైకి లేస్తుంది. క్లాంపు బిగించి, పైపు విప్పి, జీపు వెనక్కి. మళ్లీ ముందుకు. ఇది చూసిన ముసలోళ్లు ఒకటే మాట అంటారు, ‘అచ్చం కపిల తోలినట్టే ఉండాది’ అని. నిజమే కదా. ఎద్దులు పల్లంలోకి దిగితే బానె పైకి వచ్చేది, వెనక్కి నడిస్తే కిందికి దిగేది. ఎద్దుల స్థానంలో జీపు వచ్చింది, నీళ్ల బదులు మోటరు వచ్చింది, దారి మాత్రం అదే. లో గేరు లేని బండి ఈ పని చేస్తే క్లచ్చు కాలిపోతాది. కొత్త పికప్పులకు ఎంత హార్స్ పవర్ ఉన్నా, వెనక చక్రాల పట్టు మాత్రమే ఉన్నవి ఎర్రమట్టిలో తిరగలి మాదిరి తిరుగుతాయి, కదలవు. అందుకే ఇంకా ఆ ముసలి జీపుకు పిలుపు వస్తాది. తర్వాత కొందరు జీపు వెనకే ఇనుప గడ, తాడు డ్రమ్ము బిగించేసి మోటరు ఎత్తే బండిగానే మార్చేసినారు. ఈ మధ్య ప్లాస్టిక్ పైపులు వచ్చి బరువు తగ్గింది, పని కొంచెం తగ్గింది.

మిగతా పనులు మీకు తెలిసినవే. చిన్న ట్రైలరు తగిలించి కల్లం నుంచి మూటలు. బురదలో దిగబడిన ట్రాక్టరును బయటికి లాగేది. పట్టుగూళ్లు వేడెక్కక ముందే తెల్లారేసరికి హిందూపురం గూళ్ల మార్కెట్టుకు చేర్చేది. ఎండాకాలం నీళ్ల డ్రమ్ములు. అమరాపురం పక్క వక్క, మన పక్క చింతపండు. పెండ్లి, కానుపు, ఆసుపత్రి చెప్పేదే లేదు. సినిమాల్లో సీమ జీపు అంటే వేటకొడవళ్లు, బాంబులు. నిజం సీమ జీపులో సీటు కింద ఉండేది మోకు, గడ్డపార, టైరు ట్యూబు, నీళ్ల క్యాను.

జీపు తర్వాత చెప్పాల్సింది మెటడార్. బజాజ్ టెంపో కంపెనీ 1958 లో జర్మనీ టెంపో మూడుచక్రాల బండితో మొదలై, 1969 లో జర్మనీ హానొమాగ్ వ్యాను నమూనాతో మెటడార్ తెచ్చింది. తర్వాత దీనికి బెంజ్ వాళ్ల 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్ లైసెన్సు దొరికింది. ఆ బెంజ్ ఇంజనే 1980ల చివర ట్రాక్స్‌కు కూడా పెట్టినారు. పల్లెలో తిరిగే ట్రాక్స్ లోపల బెంజ్ గుండె కొట్టుకుంటా ఉండేదని చాలామందికి తెలీదు. మెటడార్ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది, కంపెనీ పేరు కూడా 2005 లో ఫోర్స్ మోటార్స్ అయ్యింది. దాని ఇంజన్లు మాత్రం ఎన్నో పాత జీపుల్లో దూరి ఇంకా బతుకుతానే ఉన్నాయి.

ఇదే కాలంలో జపాన్ కంపెనీలతో నాలుగు చిన్న లారీలు వచ్చినాయి: డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా, ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ నిస్సాన్ మనదే. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్, జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టి నిస్సాన్ లారీలు చేసింది. అది నిలబడలేదు, మహీంద్రా చేతికి పోయింది. ఈరోజు ఆ జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. డీసీఎం టయోటా నుంచి 1990లలో టయోటా తప్పుకుంది, డేవూ వచ్చింది, ఆ తర్వాత అదీ మూతపడింది. కంపెనీ పోయింది, పేరు పోలేదు. తెలుగు పేపర్లో ఈరోజుకీ ‘డీసీఎం బోల్తా’ అని రాస్తారు, బండి ఏ కంపెనీదైనా. ఇంతకన్నా పెద్ద సన్మానం ఏ బండికి జరిగింది చెప్పండి. నిలబడి గెలిచింది మాత్రం 1986 లో వచ్చిన టాటా 407. జపాన్ బండ్లు నున్నటి రోడ్డుకు బాగుండేవి. 407 మన గుంతలకు, మన ఓవర్‌లోడుకు తగ్గట్టు పుట్టింది. మొదటి తరం 407లు ఇప్పటికీ ఇటుకబట్టీల దగ్గర, కంకర దగ్గర కనిపిస్తాయి. 2005 లో టాటా ఏస్ వచ్చి, చిన్న రైతుకు కూడా కొత్త బండి అందింది. జీపు బాడుగ ఆ రోజు నుంచే తగ్గింది అని నా లెక్క.

మన మడకశిర పాత బండ్లకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. మూడు దిక్కులా కర్ణాటక. ఏపీ 02 బండి ఒక పక్క, కేఏ 06 బండి ఇంకో పక్క, రెండూ ఒకే మేస్త్రీ దగ్గర నిలబడి ఉంటాయి. మేస్త్రీ తిట్టేది సగం తెలుగు సగం కన్నడ. స్పేరు కావాలంటే రాత్రి బస్సెక్కి బెంగళూరు కలాసిపాళ్యం, జేసీ రోడ్డు, శివాజీనగర్ గుజరీ. మరీ పాతది, దొరకనిది అయితే విజయవాడ ఆటోనగర్. ఇంత దూరం పోయి ఇంత కష్టపడి ఎందుకు నిలబెట్టుకుంటారు అంటే లెక్క ఒకటే. కొత్త పికప్ తొమ్మిది పది లక్షలు. 8 లక్షలు అప్పు చేస్తే 11 శాతం వడ్డీతో నాలుగేళ్లకు నెల కంతు 20 వేలు దాటుతుంది. వాన పడినా పడకపోయినా కంతు ఆగదు. ముసలి జీపు వాన పడని ఏడు చెట్టు కింద నిలబడి ఉంటాది, పైసా అడగదు. కరువు సీమలో పాత బండి నిలబడింది ప్రేమతో కాదు, ఈ లెక్కతో.

అయితే ఈ కథకు ఇప్పుడు అడ్డం పడుతున్నది రెండు. ఒకటి, ఊట ఎండిపోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన సర్కారు బండికి రిజిస్ట్రేషన్ పొడిగించరు. దాన్ని వేలంలో మనలాంటోళ్లకు అమ్మకూడదు, రిజిస్టరైన స్క్రాప్ కేంద్రానికే పంపాల. అంటే 1950ల నుంచి పల్లెకు జీపులు వచ్చిన దారి అక్కడితో మూసుకుపోయింది. ఇక ఉన్నవే ఉన్నవి. కొత్తగా ముసలివి రావు.

రెండు, ఖర్చు. సొంత వాడకం బండికి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాల. 2022 ఏప్రిల్‌లో దాని ఫీజు నాలుగు చక్రాల చిన్న బండికి 600 నుంచి 5,000 అయ్యింది. ఆలస్యమైతే నెలకు 500 అదనం. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్లు దాటినాక ఏటా ఎఫ్‌సీ. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ల డీజిల్ బండ్లను ఆపేసిన నిబంధన మనకు లేదు, వాట్సప్‌లో వచ్చేవి చూసి భయపడి బండి అగ్గువకు అమ్మేసుకోవద్దు. ఇక్కడ ఎఫ్‌సీ పాసైతే తిరగచ్చు.

దీన్ని తప్పుపట్టను కూడా నాకు పూర్తిగా మనసు ఒప్పదు. నిజం మాట్లాడుకుందాం. ఆ జీపులకు డ్రమ్ము బ్రేకులు, తడిస్తే పట్టవు. బెల్టు లేదు. పొగ వెనక వచ్చేవాడి కండ్లలో. పదిమందిని వేలాడదీసి తోలిన రోజులు మనం మరిచిపోకూడదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపితే తిట్టుకుంటాం గానీ, ఆయన చూసేది మన పిల్లోళ్ల ప్రాణమే. నాకు నచ్చనిది వేరే. మెరిసే బండికి ‘వింటేజ్’ అని ఒక గౌరవం, పదేళ్ల కాగితం. పనిచేసిన బండికి ‘కాలం తీరింది’ అని ఒక ముద్ర. మారిన ఇంజన్ను దోషంగా రాసే బదులు, బ్రేకు, స్టీరింగు, పొగ మాత్రం గట్టిగా చూసి, పొలం చుట్టూ ఇంత దూరం తిరగడానికి ఒక అగ్గువ కాగితం ఇస్తే ఎవరికి నష్టం? అమెరికాలో 2018 లో మహీంద్రా వాళ్లే ‘రాక్సర్’ అని జీపు రూపం బండి పొలం పనికి అమ్మినారు. అది రోడ్డుకు కాదు, పొలానికి అని మొదటే చెప్పి అమ్మినారు. జీపు కంపెనీ దాని మొహం మీద కేసు వేసింది, అది వేరే కథ. పొలం బండి వేరు, రోడ్డు బండి వేరు అనే ఆలోచన అక్కడ ఉంది.

ఇప్పుడు బెంగళూరు నుంచి కొనేవాళ్లు వస్తా ఉన్నారు. పాత జీపు కొనుక్కుపోయి, పెద్ద టైర్లేసి, రంగు కొట్టి ఆదివారం కొండలెక్కిస్తారు. అమ్మేది మానేది మీ ఇష్టం. ధర బాగుంటే అమ్మడంలో తప్పేం లేదు, ఆ బండి గుజరీలో కరగడం కన్నా మేలు. కానీ ఒక్కటి. డబ్బు తీసుకొని తాళం ఇచ్చేసి, ఆర్సీ మీ పేరు మీదనే వదిలేయొద్దు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంటు పరిహారం బాధ్యత వాళ్లదే. ఫారం 29, 30 సంతకాలు పెట్టి ఊరుకోవద్దు, పేరు మారిందో లేదో చూసుకోండి.

పనికి ఉంచుకునేవాళ్లకు కూడా ఒక మాట. తెల్లబోర్డు జీపుతో పక్కోడికి బాడుగకు మోటరు ఎత్తినా, మూటలు తోలినా, ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ తప్పుకోను అదే సాకు అవుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రం ఎట్టి పరిస్థితిలో వదలొద్దు. ఇంజన్ మార్చి ఉంటే ఆర్సీలో ఇంజన్ నంబరు కొత్తది ఎక్కిందా చూడండి. పాత నంబరు ఉండి లోపల మెటడార్ ఇంజన్ ఉంటే ఎఫ్‌సీ దగ్గర ఆగిపోతారు.

ఇంకోటి. మన పల్లెల్లో చాలా జీపుల ఆర్సీ బుక్కులు ఇంకా చనిపోయిన నాయన పేరు మీదో, తాత పేరు మీదో ఉన్నాయి. వారసులు 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలపాల, మూడు నెలల్లో ఫారం 31 వేసి పేరు మార్చుకోవాల. ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటే మరణ ధృవపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, పాత ఆర్సీ, ఇన్సూరెన్సు తీసుకొని హిందూపురం ఆర్టీవో ఆఫీసుకు పోయి అడగండి. ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న ఆ పాత బుక్కు ఈ రాత్రే బయటికి తీసి, ఎవరి పేరుందో, ఏ తేదీ దాకా ఉందో చూడండి.